పసరు తాగే ముందు ఒక స్కానింగ్, ఒక టీ జాలి

చెరుకు కోతల కాలంలో మొగుడంపల్లి, జహీరాబాద్ పల్లెల్లో నడుము పట్టుకుని గట్టుమీద కూలబడ్డ మనిషికి చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక మందు చెప్తారు. కొండపిండి ఆకు పప్పులో వేసుకుని తినమని ఒకరు, రణపాల ఆకు పరగడుపున నమలమని ఇంకొకరు, ఉలవలు ఉడికించిన కట్టు తాగమని మరొకరు. పల్లేరుకాయల కషాయం, అరటి దవ్వ రసం, నేల ఉసిరి పసరు, చివరికి బీరు కూడా వాళ్ల మాటల్లో మందే. ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, మూడు పూటల్లో రాయి పడిపోతుందని, బస్సు ఎక్కడ మారాలో కూడా చెప్పేవాళ్లకు కొదవ లేదు.

వీళ్లు అబద్ధం చెప్పడం లేదు. తమకో, తమ ఇంట్లోవాళ్లకో తగ్గింది కాబట్టే చెప్తున్నారు. అయితే ఆకు తాగాక తగ్గడం వేరు, ఆకు వల్ల తగ్గడం వేరు. ఈ రెంటినీ విడదీసి చూసుకోకపోతే నష్టపోయేది రోజు కూలీమీదో షిఫ్టు జీతంమీదో బతికే మనిషే. నొప్పి లేచిన ప్రతిసారీ రెండు మూడు రోజుల పని పోతుంది. పసరుకు పోయి వచ్చే ఖర్చు ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం, నొప్పి పోయింది కదా అని ఊరుకుంటే రాయి లోపలే అడ్డం పడి చప్పుడు లేకుండా కిడ్నీని తినేయడం. అందుకని నాటు మందును నమ్మాలా వద్దా అన్న వాదులాట పక్కన పెట్టి, దాన్ని పరీక్షించి చూసుకోవడం ఎలాగో, ఆ లోపు పని చెడకుండా కాపాడుకోవడం ఎలాగో చెప్తాను.

ముందు రాయి సంగతి. కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే సన్నటి నాళంలో ఇరుక్కున్న రాయి 5 మిల్లీమీటర్లు, అంతకన్నా చిన్నదైతే వందలో 68 మందికి దానంతటదే పడిపోతుంది. అమెరికా, యూరప్ యూరాలజీ సంఘాలు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి 2007లో తీసిన లెక్క ఇది. 5 నుంచి 10 మిల్లీమీటర్ల రాయి కూడా వందలో 47 మందికి పడిపోయింది. అంటే చిన్న రాయి ఉన్నవాళ్లకు పసరు బదులు ఉత్త మంచినీళ్లు పోసి పంపినా, మూడింట రెండొంతుల మంది తగ్గిందని చెప్పి దండం పెట్టిపోతారు. తగ్గని వాళ్లు మళ్లీ ఆ గడప తొక్కరు, ఆసుపత్రి దారి పడతారు. పసరు పోసే పెద్దమనిషి కళ్లబడేది బాగుపడ్డవాళ్లే. ఆయన నమ్మకం అలా గట్టిపడుతుంది, అందులో మోసం ఉండనక్కర్లేదు.

ఉన్న రాయిని పడగొట్టడం ఒక ఎత్తు, మళ్లీ రాకుండా ఆపడం ఇంకో ఎత్తు. ఒకసారి రాయి వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి పదేళ్లలోపు మళ్లీ వస్తుంది. మిగతా సగం మందికి ఏ మందూ లేకపోయినా ఆ పదేళ్లూ రాదు. "ఆరేండ్ల నుంచి కొండపిండి తింటున్న, మళ్ల రాలే" అన్న మనిషి ఈ రెండు సగాల్లో దేనిలోవాడో ఆయనకూ తెలియదు, వినేవాళ్లకూ తెలియదు. తేలాలంటే రాయి వచ్చినవాళ్లను రెండు గుంపులు చేయాలి. ఎవరు ఎందులో పడతారో చీటీలు తీసి తేల్చాలి. ఒక గుంపుకు ఆకు పొడి, ఇంకో గుంపుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి పొడి ఇవ్వాలి. ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ ఏది ఏదో తెలియకూడదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి స్కానింగులు తీస్తూ ఎవరికి మళ్లీ వచ్చిందో లెక్క చూడాలి.

మంచినీళ్లకు ఏళ్ల తరబడి సాగే ఇలాంటి పోలిక పరీక్ష జరిగింది. ఇటలీలోని పార్మాలో లోరిస్ బోర్గీ బృందం మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని తీసుకుంది. ఒక గుంపును రోజుకు 2 లీటర్లకు పైగా మూత్రం వచ్చేలా నీళ్లు తాగమంది, రెండో గుంపుకు ఏమీ చెప్పలేదు. అయిదేళ్లు వాళ్లను గమనించి 1996లో ఫలితం ప్రచురించారు. నీళ్లు తాగిన గుంపులో వందకు 12 మందికి, రెండో గుంపులో వందకు 27 మందికి రాళ్లు తిరిగి వచ్చాయి. ఏ మందూ లేకుండా, సగానికి పైగా తగ్గాయి.

ఆకుల పరీక్షలో చిక్కంతా ఇక్కడే ఉంది. కషాయంలో ఉండేది నీళ్లే. రోజుకు రెండు మూడు గ్లాసుల కషాయం, పైన "నీళ్లు మస్తు తాగు" అన్న సలహా, ఉప్పు తగ్గించు, మాంసం మానెయ్ అన్న పథ్యం. ఇవన్నీ కలిసి పనిచేస్తే మెప్పు మాత్రం ఆకుకు పోతుంది. ఆ పథ్యం చెప్పే వైద్యుడంటే నాకు గౌరవమే. ఉప్పు తగ్గితే మూత్రంలోకి దిగే కాల్షియం తగ్గుతుంది, మాంసం తగ్గితే యూరిక్ యాసిడ్ తగ్గుతుంది, రెండూ రాయికి కళ్లెం వేసేవే. కానీ ఆకు సత్తా తెలియాలంటే ఆకు తిన్నవాళ్లూ తిననివాళ్లూ ఒకేలా నీళ్లు తాగాలి, ఒకే పథ్యం చేయాలి.

మన ఆకులమీద పరీక్షలు జరగలేదా అంటే జరిగాయి, ఎక్కువగా ఎలుకలమీద. లారీ రేడియేటర్లలో పోసే కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్‌ను నీళ్లలో కలిపి నాలుగు వారాలు తాగిస్తే ఎలుక కిడ్నీల్లో ఆక్సలేట్ స్ఫటికాలు పేరుకుంటాయి. దాంతోపాటు ఆకు రసం ఇచ్చి స్ఫటికాలు తగ్గాయేమో చూస్తారు. ఉలిమిరి బెరడు, అరటి దవ్వ, పల్లేరు, కొండపిండి ఇలాంటి పరీక్షల్లో బాగానే నిలిచాయి. అయితే చెరుకు తోటలో ఎండకు చెమటోడ్చిన మనిషికి ఏళ్లమీద కట్టే రాయి, విషం తాగించిన ఎలుకకు నాలుగు వారాల్లో కట్టే స్ఫటికం ఒకటి కావు. "శాస్త్రీయంగా రుజువైంది" అని సీసామీద రాసి ఉంటే, రుజువైంది ఎలుకలోనా మనిషిలోనా అని అడగండి.

మనుషులమీద జరిగినవి కొద్దే. వారణాసిలోని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వైద్యులు ఉలవలను పొటాషియం సిట్రేట్ మందుతో పోల్చి 2010లో ఫలితం ప్రచురించారు. ఉలవలకే మెరుగైన ఫలితం కనిపించింది. సంతోషించాల్సిన సంగతే, కాకపోతే పరీక్షలో ఉన్నది అయిదు పదులకు మించని మంది, గమనించింది కొద్ది నెలలు. బ్రెజిల్‌లో నేల ఉసిరి జాతి మొక్క పొడిని 69 మందిమీద మూడు నెలలు పరీక్షించి 2004లో ప్రచురించారు. మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోయేవాళ్లలో అది తగ్గింది, మిగతావాళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దుకాణాల్లో బాగా అమ్ముడుపోయే సిస్టోన్ మాత్రలను అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు పదిమందిమీద ఏడాదిపాటు చూసి 2011లో రాశారు. మూత్రంలోని లవణాల్లో మార్పు లేదు, రాళ్లూ తగ్గలేదు. పదిమందితో తుది తీర్పు చెప్పలేం, కానీ నెలనెలా జేబులోంచి డబ్బు తీసే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

నిమ్మకాయ కథ వింటే పరీక్ష ఎంత కష్టమో అర్థమవుతుంది. ఇటలీలోనే 203 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజుకు రెండుసార్లు 60 మిల్లీలీటర్ల తాజా నిమ్మరసం తాగమన్నారు. 2022లో వచ్చిన ఫలితంలో నిమ్మరసం తాగినవాళ్లకు రాళ్లు తక్కువగానే తిరిగి వచ్చాయి. కానీ ఆ తేడా యాదృచ్ఛికంగా వచ్చింది కాదని గట్టిగా చెప్పగలిగేంత లేదు. పైగా కడుపులో ఇబ్బంది వల్ల, విసుగు వల్ల చాలామంది రసం తాగడం తగ్గించేశారు. రెండేళ్లపాటు రోజూ తాగలేని మందు ఎంత మంచిదైనా రాయిని ఆపలేదు. మీ పసరు గురించీ ఈ ప్రశ్న వేసుకోండి. ఏళ్ల తరబడి, డ్యూటీకి పోతూ, రోజూ తాగగలరా?

ఈ కొలమానం ఆకులకే కాదు, ఇంగ్లీషు మందులకూ ఒకటే. రాళ్లు రాకుండా దశాబ్దాలుగా డాక్టర్లు రాస్తున్న హైడ్రోక్లోరోథయజైడ్ మాత్రను స్విట్జర్లాండ్‌లో 416 మందిమీద ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారు. 2023లో ఫలితం వచ్చింది: రాళ్లు తిరిగి రాకుండా ఆపడంలో మందుకూ ఉత్తుత్తి మాత్రకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పెద్ద కంపెనీ మాత్రే ఆ పరీక్షలో నిలవలేకపోయినప్పుడు, మా తాత చెప్పిన పసరుకు పరీక్ష అక్కర్లేదనడం కుదరదు. అలాగే పరీక్ష జరగని ఆకును పనికిరానిదని కొట్టిపారేయడమూ న్యాయం కాదు. పరీక్షించలేదు అంటే ఇంకా తెలియదు అనే.

తెలియనిది చేటు చేయదని మాత్రం అనుకోకండి. రాళ్లు రాకూడదని పల్లేరు నీళ్లు తాగిన 28 ఏళ్ల ఇరాన్ యువకుడికి మూర్ఛలు వచ్చాయి, కాలేయం, కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆయన్ను చూసిన డాక్టర్లు 2010లో ఆ సంగతి ప్రచురించారు. కేరళలో బిలింబి అనే పుల్లటి కాయ రసం ఎక్కువగా తాగిన పదిమందికి ఆక్సలేట్ పేరుకుని కిడ్నీలు ఒక్కసారిగా ఆగిపోయాయి, వాళ్లలో ఏడుగురికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. ఇది 2013లో రాసిన సంగతి. రాయి ఎక్కువమందికి కట్టేది కాల్షియం ఆక్సలేట్‌తోనే. అలాంటప్పుడు ఆక్సలేట్ దండిగా ఉండే ఆకును పిండి గ్లాసులకు గ్లాసులు రసం తాగితే రాయికి మేత వేసినట్టే. పప్పులో వేసుకుని పిడికెడు ఆకు తినడం వేరు, పిండి లోటాడు పసరు పరగడుపున తాగడం వేరు. రణపాలలో గుండెమీద పనిచేసే పదార్థాలు ఉంటాయి. గుండె మందులు వాడేవాళ్లు దాని జోలికి పోకూడదు.

గాడిదగడపాకు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన చేల గట్లమీద, బీళ్లలో దొరికే ఈ తీగలో అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది. బెల్జియంలో బరువు తగ్గించే మందులో ఒక మూలికకు బదులు ఈ జాతి మూలిక పొరపాటున కలిసి, వందకు పైగా మంది కిడ్నీలు దెబ్బతిన్నాయి. 1993లో ఆ సంగతి బయటపడ్డాక ఈ పదార్థం క్యాన్సర్ కూడా తెస్తుందని తేలింది. దురదకు పైన పూసినా, ఏ జబ్బుకూ దీన్ని లోపలికి తాగకండి. పసరులో ఏయే ఆకులు కలిపారో చెప్పనివాళ్ల దగ్గర తాగొద్దనడానికి ఈ ఒక్క మొక్క చాలు.

ఏ ఆకో తెలుసుకోవడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. రాయిని పగలగొట్టేదిగా ఆయుర్వేదం చెప్పే పాషాణభేది ఉత్తరాదిన హిమాలయాల్లో పెరిగే ఒక మొక్క వేరు, దక్షిణాదిన చాలాచోట్ల కొండపిండి, ఇంకొన్నిచోట్ల రణపాలను కూడా ఆ పేరుతోనే వాడతారు. ఒక మొక్కమీద వచ్చిన ఫలితం ఇంకో మొక్కకు వర్తించదు. జహీరాబాద్ ప్రాంతానికి ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన సంఘాల మహిళలు పాత పంటల విత్తనాలతోపాటు, విత్తకుండా చేలల్లో మొలిచే కూరాకులను కూడా పేరుపేరునా గుర్తుపడతారు. సంక్రాంతికి గొబ్బెమ్మల్లో పెట్టే పిండికూరను, అంటే కొండపిండిని, వాళ్లు వేరే మొక్కతో పొరబడరు. ఆకును వాళ్లకు చూపించండి, వేరుతో సహా ఒక కొమ్మను కాగితాల మధ్య ఆరబెట్టి ఉంచుకోండి. ఆయుష్ డాక్టరుకో, వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరుకో చూపించడానికి పనికొస్తుంది.

ఇక మీ ఒంటిమీద మీరే చూసుకోవాలనుకుంటే ఇలా చేయండి. ఆకు మొదలుపెట్టే ముందు స్కానింగ్ తీయించండి, రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించండి. జహీరాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. సంగారెడ్డిలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా ఉంది. రాయి పెద్దదైనా, కిడ్నీ ఉబ్బి ఉన్నా, ఒక్క కిడ్నీయే ఉన్నా, గర్భిణి అయినా ఈ సొంత ప్రయోగానికి మీరు పనికిరారు, డాక్టరు చెప్పినట్టు వినాల్సిందే.

తర్వాత ఒక టీ జాలి కొనండి, లేదా పాత మల్లు గుడ్డ ముక్క తీసుకోండి. నొప్పి ఉన్న రోజుల్లో మూత్రాన్ని మూతి వెడల్పున్న డబ్బాలో పట్టి, దాన్ని జాలిలో వడగట్టండి. పడే రాయి చాలాసార్లు ఆవగింజంతో, బియ్యపు నూకంతో ఉంటుంది, గోధుమ రంగులో గరుకుగా చేతికి తగులుతుంది. ఇసుక రేణువనుకుని పారబోయకండి. మంచినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి తేదీ రాయండి. దాన్ని ల్యాబుకు పంపితే ఏ రకం రాయో చెప్తారు. ఈ ఒక్క పని చేయక ఎంతోమంది ఏళ్లకేళ్లు తమది కాని రాయికి మందు తింటున్నారు. యూరిక్ యాసిడ్ రాయైతే మూత్రంలో పులుపు తగ్గించే మందుతో కరిగే అవకాశం ఉంది. కాల్షియం ఆక్సలేట్ రాయి అలా కరగదు. ఇన్ఫెక్షన్ వల్ల కట్టిన రాయైతే ఇన్ఫెక్షన్ పోనంతవరకు ఏ ఆకూ ఆపలేదు.

వారపు సెలవు రోజున మూత్రం కొలవండి. పొద్దున లేచిన మొదటిసారి మూత్రాన్ని వదిలేసి, అప్పటి నుంచి మర్నాడు పొద్దున లేచి పోసేదాకా మొత్తం ఒక శుభ్రమైన క్యాన్‌లో పట్టండి. రెండున్నర లీటర్లకు దగ్గరగా ఉంటే మంచిది, ఒకటిన్నరకు తగ్గితే మీ అసలు జబ్బు అక్కడే ఉంది. ఆ తర్వాత పని రోజున కూడా ఒకసారి కొలిస్తే, ఎండలో మీరు తాగుతున్నది చెమటకే సరిపోతోందా లేదా తెలుస్తుంది. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా నీళ్లు పెంచకూడదు.

ఇవన్నీ సరిచేసుకుని, ఒక నెలపాటు నీళ్లూ ఉప్పూ ఒక దారిన పడ్డాకే ఆకు మొదలుపెట్టండి. ఒకేసారి ఒకటే ఆకు. ఎంత, ఎప్పుడు, ఎన్నిరోజులు అన్నది కాగితంమీద రాయండి. నెలకు మళ్లీ క్రియాటినిన్ చూపించుకోండి. పెరిగితే ఆకు ఆపేయండి, ఎవరు చెప్పినా వినకండి. ఆరు నెలలకు మొదట తీసినచోటే స్కానింగ్ తీయించండి. ఇక్కడ ఒక జాగ్రత్త: అల్ట్రాసౌండ్ కొలతలో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మామూలే, చిన్న రాళ్లను ఉన్నదానికన్నా పెద్దగా చూపించడమూ ఉంది. 6 మిల్లీమీటర్లు అన్నది 4 అయితే ఆకు కరిగించిందని పండగ చేసుకోకండి. మీ ఒక్కరి పరీక్షతో ఆకు పనిచేస్తుందని రుజువు కాదు. మీకు హాని చేయడం లేదని, మీ నీళ్లూ పథ్యమూ నిలబడ్డాయని మాత్రం తెలుస్తుంది. అది తక్కువేమీ కాదు.

పథ్యం గురించి ఒక మాట. రాయి అనగానే టమాట మానేసి, పాలు పెరుగు మానేసి, మామిడికాయ తొక్కు మాత్రం రెండు పూటలా నంజుకునేవాళ్లు ఇంటింటా ఉన్నారు. బోర్గీ బృందమే 120 మంది మగవాళ్లమీద చేసిన ఇంకో పరీక్షలో, పాలు పెరుగు తగ్గించినవాళ్లలో వందకు 38 మందికి, వాటిని మామూలుగా తీసుకుంటూ ఉప్పు, మాంసం తగ్గించినవాళ్లలో 20 మందికి రాళ్లు తిరిగి వచ్చాయి. 2002 నాటి సంగతి ఇది. మజ్జిగ తాగండి, ఉప్పు వేసుకోకుండా. ఉలవచారు మంచిదే, హోటల్లో పోసే ఉప్పు ఉలవచారు కాదు, ఇంట్లో చప్పగా కాచింది. బీరు మూత్రం ఎక్కువ తెప్పిస్తుంది, అంతమాత్రాన మందు కాదు. తాగిన మర్నాడు ఒంట్లో నీరు తగ్గి ఎండలో పనికి దిగితే చెరుపే.

ఇప్పుడు పనిచోటు. బ్రెజిల్‌లోని ఒక ఉక్కు కర్మాగారంలో కొలిమి వేడిలో పనిచేసేవాళ్లలో వందకు 8 మందికి రాళ్లుంటే, మామూలు వేడిలో పనిచేసేవాళ్లలో వందకు ఒక్కరికి కూడా లేవని 2005లో ప్రచురించారు. ఒకే ఊరు, ఒకే కంపెనీ, తేడా వేడిది, చెమటది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పెయింట్, వెల్డింగ్ దగ్గర నిలబడేవాళ్లు, చెరుకు కొట్టేవాళ్లు, బెల్లం పొయ్యి దగ్గర ఉండేవాళ్లు, 65వ నంబరు హైవేమీద క్యాబిన్‌లో కూర్చుని ఎక్కడ ఆపాల్సి వస్తుందో అని నీళ్లు తాగని డ్రైవర్లు, అందరిదీ ఇదే దారి. ఆడకూలీల బాధ ఇంకా ఎక్కువ. తోటలో మరుగు ఉండదని పొద్దంతా నీళ్లు తాగరు, వచ్చినా ఆపుకుంటారు. దానివల్ల ఇన్ఫెక్షన్, ఇన్ఫెక్షన్ వల్ల రాయి. కోతకు ముఠాను పిలిచే రైతు నాలుగు కర్రలు పాతి పరదా కడితే, ఆ ఖర్చు ఒక్క మనిషి ఒక్కరోజు కూలీ అంత కూడా కాదు. దీన్ని కూలీ మాట్లాడుకునేటప్పుడే అడగాలి.

మేస్త్రీతో గొణుక్కోకుండా సూటిగా చెప్పండి: "మేస్త్రీ, నాకు కిడ్నీల రాయి ఉంది. గంటకోపాలి నీళ్లకు పోత, నా వంతు పని మాత్రం తక్కువ గానియ్య." ముందే చెప్పినవాళ్లమీద అనుమానం ఉండదు. ఫ్యాక్టరీలో అయితే తాగునీరు దయ కాదు. 250 మందికి మించి పనిచేసేచోట ఎండాకాలంలో చల్లటి నీళ్లు ఏర్పాటు చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది, తాగునీరు యజమాని బాధ్యత అన్న మాట కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది. కాంట్రాక్టు కార్మికులూ అడగవచ్చు.

నెలకు 21,000 రూపాయల దాకా జీతం ఉండి, జీతంలోంచి 0.75 శాతం ఈఎస్‌ఐ కట్ అవుతోందా చూసుకోండి. అవుతుంటే, ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చిన సెలవుకు రోజు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. పసరు తాగి ఇంట్లో పడుకున్న మూడు రోజులకు మాత్రం ఏమీ రాదు. నొప్పి వచ్చిన రోజే డిస్పెన్సరీకి పోయి రాయించుకోండి, పసరు సంగతి కూడా దాచకుండా చెప్పండి. ఈఎస్‌ఐ లేనివాళ్లకు రాళ్ల ఆపరేషన్లు చాలావరకు ఆరోగ్యశ్రీలో ఉన్నాయి, కుటుంబానికి ఏడాది పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలైంది. అప్పు చేసే ముందు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. నొప్పి తట్టుకోలేక ఆర్‌ఎంపీ దగ్గర రోజూ డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకుని పనికి పోవడం మానుకోండి. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ మందు కిడ్నీనే దెబ్బతీస్తుంది.

ఎవరైనా వచ్చి, మూలికా మందు పరీక్ష జరుగుతోంది, చేరితే డబ్బిస్తాం అంటే భయపడి పారిపోవాల్సిన పని లేదు. మన ఆకులకు నిజమైన పరీక్షలు కావాలి, వాటిలో మన మనుషులు ఉండాలి. కానీ కళ్లు తెరుచుకుని చేరాలి. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007 నుంచి ఉంది. పరీక్షకు దాని నంబరు ఉందా అడగండి, ఫోన్‌లో చూపించమనండి. ఏ మందు, ఎన్నాళ్లు, ఏం చేటు జరగవచ్చు అన్నది తెలుగులో రాసిన కాగితం మీ చేతికి రావాలి, ఒక ప్రతి మీ ఇంట్లో ఉండాలి. చదవడం రాకపోతే సంబంధం లేని సాక్షి ముందు చదివి వినిపించాలి. మధ్యలో మానేసే హక్కు, మందు వల్ల చేటు జరిగితే ఉచిత వైద్యం, పరిహారం మీకు ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెప్తున్నాయి. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు టీకా వేసిన అధ్యయనంలో చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. మీ బదులు మేస్త్రీ గానీ, సూపర్‌వైజర్ గానీ, ఇంటి పెద్ద గానీ వేలిముద్ర వేసే వీలు ఇవ్వకండి. ఉద్యోగం ఇచ్చినవాళ్లే చేరమన్నా, చేరకపోతే పని పోతుందని బెదిరించినా అది పరీక్ష కాదు, దౌర్జన్యం.

"రాయి గ్యారంటీగా కరుగుతుంది" అని గోడలమీద, ఫోన్లలో వచ్చే ప్రకటనలకు 1954 నాటి చట్టం అడ్డుంది. కిడ్నీ రాళ్లు నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో ఉన్నాయి. అంత ధీమాగా ప్రకటించేవాళ్లు చట్టమే లెక్కచేయడం లేదంటే మీ కిడ్నీని లెక్కచేస్తారా? ప్రకటన లేకుండా, డబ్బు ఆశించకుండా ఊళ్లో ఆకు ఇచ్చే పెద్దవాళ్లు వేరు. వాళ్లకు నాదొక విన్నపం. ఒక నోటుబుక్కు పెట్టండి పెద్దయ్యా. వచ్చినవాళ్ల పేరు, రాయి కొలత, ఇచ్చిన ఆకు, తేదీ రాయండి. ముఖ్యంగా మళ్లీ రానివాళ్లకు నెల తర్వాత ఫోన్ చేసి ఏమైందో అడిగి రాయండి. పదేళ్లకు ఆ పుస్తకం చూసి ఏదో ఒక విశ్వవిద్యాలయం మీ ఆకును సరైన పరీక్షకు తీసుకునే అవకాశం ఉంటుంది. రాయకపోతే మీతోపాటే పోతుంది.

చివరగా, ఆకు గురించి ఆలోచించకూడని రోజులు కొన్ని ఉంటాయి. నొప్పితోపాటు చలి, జ్వరం వచ్చినా, పొద్దుటి నుంచి మూత్రం చుక్క రాకపోయినా, వాంతులు ఆగకపోయినా, రక్తం గడ్డలు పడినా గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి. అడ్డం పడ్డ కిడ్నీలో చీము పడితే ప్రాణానికే ముప్పు. రాత్రయినా, కోత మధ్యలో అయినా 108కి ఫోన్ చేయండి. అంతకుముందు ఏ పసరు తాగారో, ఎప్పుడు తాగారో డాక్టరుకు చెప్పండి. సీసాలో ఇంకా మిగిలి ఉంటే వెంట పట్టుకుపోండి.